గోడ మీద పది అట్టలు: కంజూరింగ్ సినిమాల వరుస ప్రయోగం

జనవరి 3, శనివారం

మా పిన్ని కొడుకు ఉద్యోగం వచ్చి నెల రోజులుగా కూకట్‌పల్లిలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. మొన్న రాత్రి అన్నం తింటూ, "అక్కా, కంజూరింగ్ సినిమాలు ఒక్కటి కూడా చూడలేదు, ఏది ముందు చూడమంటావ్?" అని అడిగాడు. ఆ హాలీవుడ్ దెయ్యం సినిమాలు పదీ చూసినదాన్ని, కొన్నయితే నాలుగైదు సార్లు చూసినదాన్ని, వెంటనే చెప్పేస్తానని నోరు తెరిచాను కానీ మాట రాలేదు. నేను చూసింది విడుదలైన వరుసలో. 2013లో మొదటిది, 2014లో అన్నాబెల్, 2016లో కంజూరింగ్ 2, అలా ఏడాదికో రెండేళ్ళకో ఒకటి, 2025 సెప్టెంబర్‌లో వచ్చిన లాస్ట్ రైట్స్ దాకా. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఎక్కడ చూసినా ఒకటే సలహా, కథ జరిగిన సంవత్సరాల ప్రకారం చూడండి అని. ఆ సలహా తప్పని నాకు గట్టి నమ్మకం. దెయ్యం పుట్టుక ముందే తెలిసిపోతే ఇంక భయపడడానికి ఏం మిగులుతుంది?

కానీ నమ్మడం వేరు, తేల్చుకోవడం వేరు. ఏమీ తెలియని మనిషి ఇంట్లోనే దొరికాడు. కాబట్టి వాడికి నేను తప్పనుకునే వరుసలోనే, 1952 నుంచి 1986 దాకా, అన్నీ చూపిస్తాను. నేను మొదటిసారి చూసినప్పుడు ఎక్కడెక్కడ హడలిపోయానో నాకు బాగా గుర్తుంది. వాడు ఎక్కడ హడలిపోతాడో పక్కన కూర్చుని రాసుకుంటాను.

ఇవాళ అట్టల పని అయింది. పాత కేలండర్ల వెనక అట్టలు పది సమానంగా కోసి, ఒక్కోదాని మీద సినిమా పేరు, ఎడమ పక్కన విడుదలైన సంవత్సరం నీలం స్కెచ్‌తో, కుడి పక్కన కథ జరిగిన సంవత్సరం ఎర్ర స్కెచ్‌తో రాశాను. అమ్మ డబ్బాలోంచి రెండు ప్యాకెట్ల బొట్టు బిళ్ళలు తీసుకున్నాను, ఎర్రవి ఒకటి, నల్లవి ఒకటి. వాడు ఉలిక్కిపడితే ఆ సినిమా అట్ట మీద ఎర్ర బిళ్ళ. తెర మీద ఏమీ జరగకపోయినా వాడు దిండు దగ్గరకు లాక్కుంటే, ఊపిరి బిగబడితే, నల్ల బిళ్ళ. నాకు కావలసింది నల్లవే. ఎర్రవి ఎవరైనా తెప్పించగలరు, కుక్కర్ విజిల్‌కి కూడా ఉలిక్కిపడతాం.

జనవరి 4, ఆదివారం

సినిమా మొదలే కాలేదు. ఒక దుకాణంలో సెకండ్ హ్యాండ్ ప్రొజెక్టర్ తెచ్చాను, గోడంత బొమ్మ పడితే బాగుంటుందని. పడింది, కానీ దాని ఫ్యాన్ చప్పుడు పక్క గదిలో మిక్సీ తిరుగుతున్నట్టుంది. ఇంకో సమస్య, నలుపు నలుపులా లేదు, బూడిదలా ఉంది. హారర్ సినిమాకి ఈ రెండూ లేకపోతే ఏమీ లేదు. చీకట్లో ఏముందో కనపడకూడదు, నిశ్శబ్దంలో ఏదో వినపడుతున్నట్టు ఉండాలి. పది నిమిషాలకే ఆపేసి టీవీకి మారిపోయాం. కిటికీకి మందపాటి దుప్పటి కట్టాం. ఫ్రిజ్ చప్పుడు కూడా తెలుస్తోందని వాడే అన్నాడు, సినిమా నడిచినంతసేపు దాన్నీ ఆపేద్దామని అనుకున్నాం. పాలు విరిగిపోతాయేమోనని అమ్మ భయం, రెండు గంటలకి ఏమీ కాదని ఒప్పించాను.

జనవరి 10, శనివారం

ది నన్, ఆ తర్వాత అన్నాబెల్ క్రియేషన్. ఒకే రోజు రెండూ, మధ్యలో టీ.

ది నన్ కథ 1952లో రొమేనియాలో ఒక పాత మఠంలో. 2018లో వచ్చింది, 2.2 కోట్ల డాలర్లతో తీస్తే 36 కోట్లకు పైగా వసూలు చేసింది. అంత డబ్బు ఎందుకొచ్చిందో నాకు తెలుసు, కంజూరింగ్ 2లో వాలక్ అనే సన్యాసిని దెయ్యం మొహం చూసినవాళ్ళందరూ ఆమె ఎవరో తెలుసుకుందామని పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. తెలిసింది. తెలిశాక ఆమె మీద భయం సగానికి పడిపోయింది. ఫాదర్ బర్క్‌ని సజీవంగా పాతిపెట్టే సీను, సమాధి మీద కట్టిన గంట లోపల్నుంచి మోగడం, అది మాత్రం ఇప్పటికీ బాగుంది. ఆ గంటకే మావాడు దిండు లాక్కున్నాడు. సినిమా మొత్తానికి నల్ల బిళ్ళ అదొక్కటే, ఎర్రవి ఆరు. పొగమంచు, శిలువలు, కారిడార్ చివర నల్ల బట్టల మనిషి, మళ్ళీ పొగమంచు. అడుగడుక్కీ చూపిస్తూ ఉంటే దెయ్యం కూడా అలవాటైపోతుంది.

క్రియేషన్ సంగతి వేరు. ఇది ప్రీక్వెల్‌కి ప్రీక్వెల్. కంజూరింగ్‌కి ముందు కథ అన్నాబెల్, దెయ్యం పట్టిన బొమ్మ సినిమా, దానికీ ముందు కథ ఇది. లెక్క ప్రకారం అన్నిటికంటే నీరసంగా ఉండాల్సింది ఇదే. దర్శకుడు డేవిడ్ ఎఫ్. శాండ్‌బర్గ్, అంతకుముందు భార్యతో కలిసి ఇంట్లోనే ఒక చిన్న సినిమా తీసి పేరు తెచ్చుకున్న మనిషి, లైటు ఆపితే కనపడి వేస్తే మాయమయ్యే ఆకారం కథ. అందుకేనేమో గది, మంచం, లైటు, తలుపు, వీటితోనే పని కానిచ్చేస్తాడు. లిండా అనే చిన్న పిల్ల దగ్గర దారానికి కట్టిన బంతి ఉన్న బొమ్మ తుపాకీ ఉంటుంది. చీకట్లోకి బంతి పేలుస్తుంది, దారం లాక్కుంటుంది. మళ్ళీ పేలుస్తుంది. ఈసారి దారం అవతల్నుంచి మెల్లగా బిగుసుకుంటుంది. అంతే, ఏమీ కనపడదు. తమ్ముడు కాళ్ళు సోఫా మీదకి తీసుకున్నాడు. నల్ల బిళ్ళ వేశాను.

పోలియో వచ్చిన జానిస్ మెట్ల పక్కన కుర్చీ లిఫ్ట్‌లో ఇరుక్కుపోయినప్పుడు వాడు, "లే, లే, దిగిపో తల్లీ" అన్నాడు. అట్ట మీద వేయడానికి ఆ మాటకి తగిన బిళ్ళ నా దగ్గర లేదు.

ఒక విషయం. క్రియేషన్‌లో సిస్టర్ షార్లెట్ తన పాత ఫొటో చూపిస్తుంది, అందులో నీడలో ఇంకో సన్యాసిని ఉంటుంది. నేను 2017లో అది చూసి వెనక్కి తిప్పి మళ్ళీ చూసుకున్నాను. వీడు ఒక్క చూపులో, "ఆ, వాలక్" అనేసి పాప్‌కార్న్ తీసుకున్నాడు. నా నమ్మకం నిజమేనని ఇక్కడ మొదటి సాక్ష్యం.

జనవరి 17, శనివారం

పండక్కి ఊరెళ్ళి వచ్చాం. సినిమాలు లేవు కానీ చర్చ జరిగింది. మావయ్య అడిగాడు, మన సినిమాల్లో రెండో భాగాలు ఇలా ఒకదానికొకటి ఎందుకు అతుక్కోవు అని. మనకి చాలాకాలం రెండో భాగం అంటే పేరు, హీరో, పద్ధతి మాత్రమే. లారెన్స్ 2007లో ముని, 2011లో కాంచన, 2015లో గంగ, 2019లో కాంచన 3 తీశాడు. దెయ్యమంటే హడలిపోయే హీరో ప్రతిసారీ ఉంటాడు, కాంచన నుంచి అమ్మగా కోవై సరళ ఉంటుంది, కానీ దెయ్యం కొత్తది, దాని పగ కొత్తది. రాజుగారి గది మూడు భాగాలూ మూడు వేరే కథలు, రెండోదైతే ప్రేతం అనే మలయాళ సినిమా ఆధారంగా తీసింది. దీన్ని తప్పని నేను అనను. మన ప్రేక్షకులకి దెయ్యం కంటే దెయ్యం వెనక అన్యాయం ముఖ్యం. ఆ అన్యాయం తీరిపోయాక అదే దెయ్యాన్ని మళ్ళీ లేపితే మన మనసు ఒప్పదు. తీరిన పగని మళ్ళీ రగిలించడం అంటే ఆ ఆత్మని మోసం చేసినట్టే.

చంద్రముఖి తర్వాత 2010లో వచ్చిన నాగవల్లి గురించి మావయ్యకి నాకు పేచీ. చంద్రముఖిలో ఆ రాజు కథ కాసేపే చెబుతారు, మిగతాది ఆ గదిలో గజ్జెల చప్పుడుతోనే ఊహించుకుంటాం. నాగవల్లిలో వెంకటేష్‌తో రాజు కథని పెద్ద ఫ్లాష్‌బ్యాక్‌గా తీశారు. చూడ్డానికి భలే ఉంటుందని మావయ్య. ఉంటుంది, కాదనను. కానీ ఆ తర్వాత తాళం వేసిన గది నాకు ఉత్త గదిలా కనపడింది.

మా ఊరి పొలిమేర మాత్రం దారి మార్చింది. 2021లో మొదటిది ఓటీటీలో వచ్చింది, 2023లో రెండోది థియేటర్లో, అదే ఊరు, అవే మనుషులు, వదిలేసిన చోట నుంచే. అందులో భయపెట్టేది దెయ్యం కాదు, మనకి తెలుసనుకున్న మనిషి. అలాంటప్పుడు వెనక్కి వెళ్ళి చెప్పినా భయం తగ్గదు, పెరుగుతుంది. ఇది బస్సులో తిరిగి వస్తుంటే తట్టింది, ఫోన్‌లో రాసుకున్నాను.

జనవరి 18, ఆదివారం

నన్ 2. 1956, ఫ్రాన్స్. మొదటిదానికంటే మెరుగు. రోడ్డు పక్కన పత్రికల స్టాండ్ ముందు సిస్టర్ ఐరీన్ నిలబడితే గాలికి పేజీలు వాటంతట అవే తిరిగి, ఒక్కో పేజీ ఒక్కో చోట ఆగి, అన్నీ కలిపి ఆ మొహం అయిపోయే సీను ఒక్కటి చాలు. నల్ల బిళ్ళ. మిగతాది మర్చిపోయినా పర్వాలేదు.

తర్వాత అన్నాబెల్, 2014. అసలు విషయం ఇక్కడ జరిగింది. ఈ సినిమా అంటే నాకు మొదట్నుంచీ చిన్నచూపే. 65 లక్షల డాలర్లతో గబగబా తీసి 25 కోట్లకు పైగా వెనకేసుకున్న సినిమా. లిఫ్ట్ తలుపు ఎన్నిసార్లు తెరుచుకున్నా అదే బేస్‌మెంట్ వచ్చే సీను, చిన్న పిల్ల పరుగెత్తుకొచ్చి తలుపు దాటేలోపు పెద్దదైపోయే సీను, ఈ రెండూ తప్ప ఇంకేం లేదని అందరికీ చెప్పేదాన్ని. మొదట్లో పక్కింట్లో హత్య జరుగుతుంది. రాత్రి, కిటికీలోంచి కనపడుతుంది, హిగ్గిన్స్ దంపతుల్ని వాళ్ళ కూతురే చంపుతుంది. 2014లో నాకు అది మామూలు హత్య సీను. ఆ కూతురు ఎవరో తెలియదు, పట్టించుకోలేదు.

తమ్ముడు రిమోట్ తీసుకుని ఆపేశాడు. "అక్కా, ఈ అమ్మాయి జానిస్ కదా? కుర్చీ లిఫ్ట్‌లో ఇరుక్కున్న పిల్ల?" అన్నాడు. అవునన్నాను, క్రియేషన్ చివర హిగ్గిన్స్ వాళ్ళు పెంచుకున్నది ఆమెనే. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పెంచుకున్నవాళ్ళని చంపేసిందా" అని మళ్ళీ ప్లే నొక్కాడు. సినిమా అయ్యేదాకా దిండు వదల్లేదు. బొమ్మ కంట్లో రక్తపు చుక్క పడే చోట వాడు మొహం తిప్పుకున్నాడు, భయంతో కాదు.

ఒప్పుకోవాల్సిందే. కథ వరుసలో చూసినవాడికి ఈ సినిమా నాకంటే చాలా మంచి సినిమాగా దొరికింది. నేను చులకన చేసిన సినిమాని, మూడేళ్ళ తర్వాత వచ్చిన ప్రీక్వెల్ వెనక్కి వెళ్ళి బాగుచేసింది. విడుదల వరుసలో చూసిన మాకు ఆ సంగతి తెలిసేసరికి అన్నాబెల్ మీద అభిప్రాయం ఎప్పుడో గట్టిపడిపోయింది. రాత్రి పడుకునే ముందు అట్టలు రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాను.

జనవరి 24, శనివారం

మొదటి కంజూరింగ్. 1971, రోడ్ ఐలండ్‌లో హారిస్‌విల్ ఊరు, పెరాన్ కుటుంబం, ఐదుగురు ఆడపిల్లలు. ఈ సినిమా ఏ వరుసలో చూసినా చెక్కుచెదరదు. క్రిస్టీన్ కాలు ఎవరో లాగుతారు, లేచి మంచం కింద చూస్తుంది, తర్వాత తలుపు వెనక చీకట్లోకి చూసి వణికిపోతుంది, అక్కడ ఎవరో ఉన్నారని అక్కకి చెబుతుంది. దర్శకుడు జేమ్స్ వాన్ కెమెరాని ఆ చీకటి మీద అలాగే నిలబెడతాడు. మనకి ఏమీ కనపడదు. మనం వెతుకుతాం. వెతికే కొద్దీ ఏదో ఉన్నట్టే ఉంటుంది. నల్ల బిళ్ళ వేసేటప్పుడు నా వేళ్ళు కూడా చల్లగా ఉన్నాయి, ఇది ఎన్నోసారి చూడడమో లెక్కలేదు. తర్వాత చప్పట్ల ఆట, నేలమాళిగ మెట్ల మీద అమ్మ అగ్గిపుల్ల వెలిగిస్తే పక్కనుంచి రెండు చేతులు వచ్చి చప్పట్లు కొట్టడం. ఎర్రది, నల్లది రెండూ.

ఒక చోట మాత్రం అతుకు బయటపడింది. దెయ్యాల కేసులు చూసే వారెన్ దంపతులు, ఎడ్, లొరైన్, కాలేజీలో పిల్లలకి మారిస్ అనే రైతుకి పట్టిన దెయ్యం గురించి ఫిల్మ్ వేసి చూపిస్తారు. 2013లో అది దారిన పోయే ఒక ఉదాహరణ, అంతకుమించి ఏమీ లేదు. ఐదేళ్ళ తర్వాత ది నన్ చివర ఆ మారిస్సే ఆ సినిమాలో సిస్టర్ ఐరీన్ వెంట ఉండే మన ఫ్రెంచీ అని కలిపేశారు, అదే సీను కొత్త నటుడితో మళ్ళీ తీసి. మావాడు ఫ్రెంచీ కోసం తెరంతా వెతికాడు, మొహం వేరుగా ఉందేంటి అని తికమకపడ్డాడు. తర్వాత అతికించినవన్నీ ఇలాగే ఉంటాయి, వరుస మార్చి చూస్తే కుట్టు కనపడుతుంది.

జనవరి 25, ఆదివారం

అన్నాబెల్ కమ్స్ హోమ్, లా లొరోనా. మొదటిది సరదాగా గడిచింది, వారెన్ ఇంట్లో ఒక రాత్రి, పిల్లలు, సామాన్ల గది, ఒక్కో సామానుకీ ఒక్కో దెయ్యం. రెండోది 1973, లాస్ ఏంజెలెస్. మెక్సికో పిల్లలందరూ పెరిగేది ఆ ఏడ్చే తల్లి కథ వింటూ, అంత పాత కథని తీసుకుని బాత్‌టబ్బులోంచి చేతులు తీయించారు. నల్ల బిళ్ళలు లేవు.

జనవరి 31, శనివారం

ఈ రోజు కోసమే నాలుగు వారాలుగా ఆగాను. కంజూరింగ్ 2.

2016లో ఈ సినిమా చూసి వచ్చిన రాత్రి నేను గోడకున్న ఫొటో ఫ్రేములన్నీ తిప్పి పెట్టుకుని పడుకున్నాను. కారణం ఒకటే సీను. ఎడ్ తన కలలోకి వచ్చిన సన్యాసిని బొమ్మ గీసి గదిలో గోడకి పెడతాడు. లొరైన్ ఒక్కతే ఆ గదిలో ఉంటుంది, తలుపు మూసుకుంటుంది. గోడ మీద నీడ మెల్లగా నడుస్తూ వెళ్ళి ఆ బొమ్మ వెనక్కి చేరుతుంది. నీడ ఆగిన చోట బొమ్మలో మొహం ఉంటుంది. అది బొమ్మా, మనిషా? మనం అడుగుతూనే ఉంటాం, ఫ్రేము అంచుల మీదకి వేళ్ళు వస్తాయి. అప్పటికి ఆమె పేరు తెలియదు, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు, ఏం కావాలో తెలియదు. అసలు ఆ సన్యాసిని సినిమాలోకి వచ్చిందే ఆఖర్లో, మొదట వేరే ఆకారం అనుకుని రీషూట్లలో మార్చారు. అలా వచ్చిన పాత్ర, వివరణ ఏదీ లేకుండా, ఒక్క నీడతో మమ్మల్ని చంపేసింది.

తమ్ముడు సోఫాలో వెనక్కి ఆనుకుని చూశాడు. నీడ నడిచింది. "వచ్చేసింది మన వాలక్" అన్నాడు. వేళ్ళు వచ్చినప్పుడు ఎర్ర బిళ్ళ ఒకటి పడింది, నల్లది పడలేదు. చివర్లో లొరైన్ ఆ పేరు కనుక్కోవడానికి తంటాలు పడుతుంటే వీడికి ఆ పేరు మూడు వారాలుగా తెలుసు. ఆ పేరు అక్షరాలు సినిమా మధ్యలోనే ఇంట్లో అక్కడక్కడా దాచి పెట్టారని నేను తర్వాత చెబితే, "ముందే తెలుసు కదా, వెతకాలని అనిపించలేదు" అన్నాడు.

నా మాట నెగ్గింది, కానీ సంతోషం వేయలేదు. వాడికి ఆ రాత్రి దక్కకుండా చేసింది నేనే. ఫ్రేములు తిప్పి పెట్టుకునే రాత్రి ఎవరికైనా ఒక్కసారే వస్తుంది.

అయితే ముసలాయన దెయ్యం పట్టిన జానెట్ అనే పిల్లని ఎడ్ ఇంటర్వ్యూ చేసే సీను నన్ను నిలబెట్టింది. ఆ అమ్మాయి తనని చూడొద్దంటుంది, ఎడ్ వీపు తిప్పి కూర్చుంటాడు, కెమెరా అతని మొహం మీదే ఉంటుంది, వెనక మసగ్గా జానెట్. మసగ్గా ఉన్న ఆ ఆకారం మెల్లగా ఇంకెవరిలాగానో మారుతుంది. కట్ లేదు. వాడు టీవీకి దగ్గరగా జరిగి కళ్ళు చికిలించి చూశాడు. రెండు నల్ల బిళ్ళలు. ఆ ముసలాయన బిల్ విల్కిన్స్‌కి ఎవరూ ప్రీక్వెల్ తీయలేదు, అదీ సంగతి.

ఫిబ్రవరి 1, ఆదివారం

ప్రయోగంలో లేని పని ఒకటి చేశాం. ప్రీక్వెల్ గురించి మాట్లాడితే 1973 నాటి దెయ్యం సినిమా ఎక్సార్సిస్ట్ సంగతి రాకుండా ఉండదు. ఒకే ముందు కథని రెండుసార్లు తీసిన సందర్భం అది. పాల్ ష్రేడర్ తీసిన సినిమా నిర్మాతలకి నచ్చలేదు, భయం లేదన్నారు. రెనీ హార్లిన్‌ని పెట్టి దాదాపు మొత్తం మళ్ళీ తీయించి 2004లో విడుదల చేశారు. అది ఆడకపోయేసరికి 2005లో ష్రేడర్ సినిమానీ బయటికి వదిలారు. రెండింట్లోనూ దెయ్యం వదిలించే ఫాదర్ మెరిన్‌గా స్టెలన్ స్కార్స్‌గార్డే. ఒకటి ఆలోచనతో నిండి భయం లేని సినిమా, ఇంకోటి హడావిడితో నిండి భయం లేని సినిమా. 1973 సినిమాలో మెరిన్ ఇరాక్ తవ్వకాల్లో మాత్ర మింగుతుంటే వణికే చేతులు, గదిలో ఉన్నట్టుండి ఆగిపోయే గోడ గడియారం, ఎండలో ఆ విగ్రహానికి ఎదురుగా నిలబడడం, ఆ కాసేపట్లో అతని గతమంతా ఉంది. ఇద్దరు దర్శకులు కలిసి దానికి చేర్చింది ఏమీ లేదు.

దర్శకుడు మంచివాడైతే ప్రీక్వెల్ బాగుంటుందని నేను అనుకునేదాన్ని, క్రియేషన్ చూసి. అది కూడా సరిపోదని ఇవాళ తేలింది. క్రియేషన్ బొమ్మకి జవాబు చెప్పదు, కొత్తగా ఒక పిల్లని తెచ్చి మన చేతుల్లో పెడుతుంది. మెరిన్ ప్రీక్వెల్స్ మనం అడగని ప్రశ్నకి జవాబు చెబుతాయి.

ఫిబ్రవరి 7, శనివారం

మిగిలిన రెండూ అయిపోయాయి. 1981 కోర్టు కేసు సినిమాలో ఇల్లు వదిలి బయటికెళ్ళారు, ఆ ధైర్యం నాకు నచ్చింది, చేతబడి చేసే మనిషిని మొహంతో సహా చూపించడం నచ్చలేదు. లాస్ట్ రైట్స్‌లో వారెన్ దంపతుల కూతురు జూడీ పెళ్ళి గౌను వేసుకుని అద్దాల మధ్య నిలబడే సీనుకి వాడు మళ్ళీ దిండు లాక్కున్నాడు. చివర్లో కళ్ళు తుడుచుకున్నాడు కూడా. ఎడ్, లొరైన్‌లని తొమ్మిది గంటలో పది గంటలో చూసిన మనిషికి ఆ పెళ్ళి తన ఇంట్లో పెళ్ళే.

గోడ మీద అట్టల్ని ఇవాళ తీసేసి మళ్ళీ గుచ్చాను. కంజూరింగ్, కంజూరింగ్ 2 మొదట, వరసగా, మధ్యలో ఏదీ లేకుండా. ఆ తర్వాత క్రియేషన్, వెంటనే అన్నాబెల్, జానిస్ కథ తెగకుండా. తర్వాత కమ్స్ హోమ్, 1981 కేసు, లాస్ట్ రైట్స్. నన్ రెండూ లాస్ట్ రైట్స్ తర్వాత, కావాలంటేనే. లా లొరోనా అట్ట పక్కన పెట్టాను. తమ్ముడు చాలాసేపు చూసి క్రియేషన్‌ని అందరికంటే ముందుకి జరిపాడు. "జానిస్‌ని ముందే కలవాలక్కా" అన్నాడు. అందులో ఆ సన్యాసిని ఫొటో ఉంది కదరా, వాలక్ మొహం ముందే తెలిసిపోతుంది అన్నాను. "తెలియదు, ఎవరో తెలియని మొహం చూస్తారు, అది ఇంకా మంచిది" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

మా మావయ్య కూతురు శివరాత్రికి వస్తోంది, అది కూడా ఒక్కటీ చూడలేదు. జాగారం రోజు ఇవి పెడితే ఊరుకోనని అమ్మ ముందే చెప్పేసింది, కాబట్టి ముందు రోజు, 14వ తేదీ శనివారం రాత్రి. క్రియేషన్ అట్ట తమ్ముడు పెట్టిన చోటే ఉంచాను. నల్ల బిళ్ళల ప్యాకెట్ ఇంకోటి కొనాలి.